డ్రిల్లు పక్కన పెట్టు, ముందు పంపు విప్పు

చిట్టితల్లీ,

వాటర్ గన్ దూరం కొట్టడం లేదనీ, నాజిల్ బెజ్జాన్ని డ్రిల్లుతో పెద్దది చేస్తాననీ రాశావు. కాస్త ఆగు. ప్లాస్టిక్‌లో బెజ్జం పెంచడం నిమిషం పని. పెంచినదాన్ని మళ్లీ తగ్గించాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

నీళ్లను తోసేది నాజిల్ కాదు, లోపల నొక్కుకుని ఉన్న గాలి. నాసా ఇంజనీరు లోనీ జాన్సన్‌కు 1982లో వచ్చిన ఆలోచన ఇదే. నీళ్లతో నడిచే హీట్ పంపు (వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి మోసే యంత్రం) ఒకటి తయారుచేస్తూ ఇంట్లో పరీక్షిస్తుంటే, నాజిల్‌లోంచి నీటిధార దూసుకుపోయింది. అంతకుముందు మామూలు బొమ్మ తుపాకీల్లో వేలి బలం ఎంతో ధార అంతే. ఆయన గన్‌లో పంపు కొట్టినకొద్దీ నీ చేతిబలం గాలిలో దాచుకుని ఉంటుంది. 1990లో అమ్మకానికొచ్చిన ఆ బొమ్మకే తర్వాత సూపర్ సోకర్ అని పేరు పెట్టారు.

లోపలి గాలి ఒత్తిడి బయటిదానికి రెట్టింపు ఉంటే నీళ్లు సెకనుకు సుమారు 14 మీటర్ల వేగంతో బయటపడతాయి. 45 డిగ్రీల వాలులో కొడితే, లెక్క ప్రకారం 20 మీటర్లు పోవాలి. పోవు. ధార గాలిలో చీలి తుంపర్లవుతుంది, తుంపరను గాలి ఇట్టే ఆపేస్తుంది. లావు ధార అంత తొందరగా చీలదు కాబట్టి ఎక్కువ దూరం పోతుంది. ఇక్కడిదాకా నీ ఆలోచన సరైనదే.

అయితే బెజ్జం వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. ట్యాంకు కూడా అంత త్వరగానూ ఖాళీ అవుతుంది. పైగా లోపలి గొట్టం సన్నదైతే అన్ని నీళ్లు అందించలేదు. ఒత్తిడంతా దారిలోనే హరించుకుపోయి ధార నీరసంగా నీ కాళ్ల ముందే పడుతుంది. అప్పుడు నన్ను తిట్టుకోకు.

నాకు అనుమానం పంపు మీదే. గాలి ఎక్కించి, నీళ్లు చిమ్మకుండా కాసేపు ఉంచు. అతుకుల దగ్గర సబ్బు నురగ రాయి. బుడగలు లేస్తే లీకు అక్కడే. పిస్టన్ చివరి రబ్బరు రింగు ఎండిపోయినా, నొక్కుకుపోయినా ఎంత పంపు కొట్టినా దండగ. అదే సైజు కొత్తది వేసి సిలికాన్ గ్రీజు పల్చగా పూయి. చేతికి దొరికిందని పెట్రోలియం జెల్లీ మాత్రం రాయకు, దానికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది.

తర్వాత నాజిల్ చూడు. బెజ్జం అంచున ప్లాస్టిక్ పీలిక ఒక్కటున్నా ధార పుట్టగానే చెదురుతుంది. సన్న గరుకు కాగితంతో అంచు నున్నగా చేయి. నాజిల్ వెనుక గొట్టం వెడల్పుగా ఉంటే స్ట్రాలను పొట్టిగా కోసి, కట్టలా బిగుతుగా దూర్చు. సుడులు తిరుగుతూ వచ్చే నీళ్లు వాటిలోంచి తిన్నగా సాగుతాయి, ధార కలిసికట్టుగా ఉంటుంది. నాకు అన్నిటికంటే ముచ్చటైన మార్పు ఇదే, ఖర్చు కూడా లేదు. ఇరుకు గొట్టమైతే వదిలెయ్, అడ్డమే అవుతుంది.

ట్యాంకులోకే గాలి కొట్టే రకమైతే నిండా నీళ్లు పోయకు, మూడో వంతు ఖాళీ ఉంచు. నొక్కుకోవడానికి గాలే లేకపోతే ఒక్క చిమ్ముతో సరి.

ఒత్తిడి మితిమీరితే గాలిని వదిలేసే సేఫ్టీ వాల్వు మూసేస్తే ఇంకా గాలి ఎక్కుతుందని నీకెవరో చెప్పినట్టున్నారు. దాని జోలికి వెళ్లకు. పంపుతో ఎక్కించిన ఒత్తిడి రెట్టింపైనా వేగం పెరిగేది 1.4 రెట్లే, ఆ రెట్టింపు భారం మోయాల్సింది మాత్రం అతుకులు. ప్లాస్టిక్ పగిలితే ముక్కలు మొహం మీదికే వస్తాయి. కొత్తగా బిగించాక మొదటిసారి పరీక్షించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో. ధార ఎవరి మొహానికీ గురిపెట్టకు. ఆట అయిపోయాక గాలి వదిలేసి పక్కన పెట్టు.

విప్పేముందు స్క్రూలూ స్ప్రింగూ ఎక్కడివక్కడ ఫోటో తీసుకో. రింగు సైజు అర్థంకాకపోతే పాతదాని లోపలి వ్యాసం, మందం కొలిచి నాకు రాయి, చూసి చెబుతాను.

నాన్న