వార్షిక నివేదిక: పెద్దల తెలుగు తరగతులు, స్థాయి పరీక్ష

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడు మన సంఘం చేసిన పనుల్లో ముందుగా చెప్పుకోవలసింది ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, పెద్దలకు పెట్టిన స్థాయి పరీక్ష. ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పెద్దవాళ్లు చాలామంది. ఇదివరకు అయిదు నిమిషాలు మాట్లాడించి తరగతి చెప్పేసేవాళ్లం. గలగలా మాట్లాడేవారు పై తరగతిలో కూర్చుని, వత్తుల దగ్గర ఆగిపోయి, రెండో వారానికల్లా మానేసేవారు. అందుకే మాటకూ చదువుకూ మార్కులు విడిగా వేశాం. తరగతి మాత్రం చదువు మార్కుల మీదే.

పరీక్షలో 20 అక్షరాలు గుర్తుపట్టాలి, 10 మాటలు చదవాలి, 10 మాటలు విని రాయాలి. మొదట తయారుచేసిన పత్రంలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు 20 ఉండేవి. గుడ్డిగా టిక్కులు పెట్టినా సగటున 5 మార్కులు వస్తాయి కనుక తీసేశాం. విని రాయడంలోనే అసలు సంగతి తెలిసింది. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. ‘నేల’ అని చక్కగా పలికినవారే ‘నెల’ అని రాస్తారు. వారిని అక్షరాల తరగతికి పంపకండి. గుణింతం గట్టిగా చేయిస్తే చాలు. నెల–నేల, మెడ–మేడ, కొన–కోన జంటలను చిన్న వాక్యంలో పెట్టి రెండుసార్లు చదవాలి. విడి మాటగా చెబితే చెవి మందగించినవారికి అన్యాయం.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. శుభలేఖ చదివిద్దామనుకుని, గ్రాంథికం ఎక్కువని మానుకుని, పాతపట్నం, టెక్కలి బస్సు బోర్డులు పెట్టాం. వరసగా అయిదు తప్పితే అక్కడితో ఆపేశాం. పెద్దవాళ్లను నలుగురిలో చిన్నబుచ్చకూడదు. ప్రతి పత్రాన్నీ ఇద్దరు దిద్దారు. 2 మార్కులకు మించి తేడా వస్తే మూడోవారు చూశారు. అటూ ఇటూ కానివారిని కింది తరగతిలో చేర్చి, రెండు వారాలకు మళ్లీ చూస్తున్నాం.

పత్రాలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఇచ్చినవారికి, బల్లలు మోసిన కుర్రవాళ్లకు, మజ్జిగ పంచిన అక్కలకు సంఘం రుణపడి ఉంది. గది కోసం ఒక కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టినా జవాబు లేదు. చివరికి వరండాలోనే జరిపాం. దిద్దడానికి వస్తామని పేరిచ్చి రానివారి వల్ల ఫలితాలు ఆలస్యమయ్యాయి. ఈసారి వచ్చేవారే పేరివ్వండి.

జమాఖర్చులు కోశాధికారిగారి పత్రంలో ఉన్నాయి, ఆమోదించగలరు.

పక్కవారిది చూసి రాయకుండా రెండో పత్రం తయారుచేయాలి. హ్రస్వ దీర్ఘాల జంటలు తెలిసినవారు సభ ముగిసేలోగా రాసివ్వండి.

కార్యదర్శి