బడి భోజనం పిల్లలకు ఉచితం, అప్పు మాత్రం వంటమ్మది

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ప్రభుత్వ బడుల్లో పనిచేసి ప్రధానోపాధ్యాయుడిగా రిటైరైనవాణ్ణి. మధ్యాహ్న భోజనం బిల్లుల గురించి మీకు రాస్తున్నాను. ఈ సంగతి మీకు చెప్పాల్సింది నిజానికి వంట చేసే ఆడవాళ్లు. కానీ వాళ్లు ధర్నాకు వస్తే ఆ రోజు పిల్లలకు అన్నం ఉండదు. రాకపోతే వాళ్ల బాధ ఎవరి చెవినా పడదు.

ప్రభుత్వం నేరుగా బడికి పంపేది ప్రధానంగా బియ్యమే. పప్పు, నూనె, చింతపండు, కారం, కూరగాయలు, గుడ్లు వంటివి వంట ఏజెన్సీ వాళ్లే ముందుగా కొనుక్కోవాలి. ఏజెన్సీ అనే మాట వింటే ఏదో కంపెనీ అనిపిస్తుంది. మా ఊళ్లలో ఏజెన్సీ అంటే మహిళా సంఘంలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. నెల తిరిగాక హాజరు లెక్కగట్టి బడి నుంచి బిల్లు మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు పోతుంది, అక్కణ్ణించి పైకి. ఎనిమిదో తరగతి దాకా వంట ఖర్చు ఒకసారి, తొమ్మిది, పది తరగతులది ఇంకోసారి, గుడ్ల డబ్బు మరోసారి, గౌరవ వేతనం విడిగా పడతాయి. ఏది ఏ నెలలో పడుతుందో చెప్పగలిగే మనిషి నాకు నా సర్వీసులో దొరకలేదు. "సార్, బిల్లు ఎప్పుడొస్తది? సేటు ఇంక ఉద్దెర ఇయ్యనంటున్నడు" అని అడిగితే, వస్తుందమ్మా అనడం తప్ప నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఒక చిన్న లెక్క చూడండి. ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకు వంట ఖర్చు 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు. అరవై మంది పిల్లలున్న బడికి 406 రూపాయల 80 పైసలు. నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంటే ఆ నాలుగు వందల్లోనే కిలో 200 గ్రాముల పప్పు, మూడు కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె, పోపు సామాను, గ్యాసు. చేతిలో డబ్బుంటే, సంతలో బేరమాడి కొంటే, ఎలాగో సరిపెట్టుకోవచ్చు. ఉద్దెరకు తెచ్చుకునేవాళ్లకు బేరం ఎక్కడిది? సేటు చెప్పిందే రేటు.

నెలకు 24 రోజులు బడి నడిస్తే ఈ ఖర్చు 9,763 రూపాయలు. మూడు నెలలు బిల్లు ఆగితే గుడ్లు కలపకుండానే 30 వేలకు దగ్గర. ఆ 30 వేలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 600 కట్టాలి. వంటమ్మకు నెలకు మీరిచ్చే గౌరవ వేతనం 3,000. పిల్లలకు వండిపెట్టినందుకు వచ్చే డబ్బులో అయిదో వంతు మిత్తికే పోతుంది, అదీ ఆ వేతనం ఆ నెల పడితేనే. పుస్తెలు కుదువ పెట్టి గుడ్లు తెచ్చినవాళ్లను నేను చూశాను. పిల్లలు "అమ్మా, ఈ రోజు గుడ్డు లేదా" అని అడిగితే లేదని చెప్పలేక తెచ్చారు.

అమెరికాలో చాలా చోట్ల బడి భోజనానికి పిల్లల పేరు మీదే బాకీ రాసుకుంటారు. అది తీరలేదని పిల్లవాడి ముందు నుంచి వేడి భోజనం తీసేసి చల్లటి శాండ్‌విచ్ పెట్టిన బడులున్నాయి. పిల్లల్ని ఇలా అవమానించకూడదని 2017లో న్యూ మెక్సికో రాష్ట్రం చట్టమే చేయాల్సి వచ్చింది. మన దగ్గర ఆ దుస్థితి లేదు, దానికి నేను గర్వపడతాను. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది కాబట్టి, 2013 ఆహార భద్రత చట్టం ఈ భోజనాన్ని హక్కుగా రాసింది కాబట్టి మన పిల్లల మీద బాకీ లేదు. కానీ బాకీ లేకుండా పోలేదు. కిరాణా షాపు ఖాతా పుస్తకంలో వంటమ్మ పేరు మీదకు మారింది, అంతే.

అదే సుప్రీంకోర్టు 2004లో వంటవాళ్లుగా దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. ఆ ఆదేశం ఉద్దేశం వాళ్లకో ఉపాధి, ఊళ్లో ఓ గౌరవం దొరకాలని. మనం ఆ ఉపాధిని అప్పుల పాలు చేశాం. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

అప్పు పెరిగిన కొద్దీ పప్పు పలుచనవుతుంది. అప్పుడు ఎవరో ఫోన్‌లో ఫొటో తీస్తారు, అది వాట్సాప్‌లో తిరుగుతుంది, అధికారులు వచ్చి వంటమ్మను మందలిస్తారు, ఒక్కోసారి ఏజెన్సీనే మార్చేస్తారు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరులో బడి భోజనం తిని పిల్లలు అస్వస్థులైనప్పుడు హైకోర్టు కూడా గట్టిగా మాట్లాడింది. అక్కడ జరిగినదానికి బిల్లులే కారణమని నేననడం లేదు. శుభ్రత విషయంలో తనిఖీలు ఉండాల్సిందే. కానీ తనిఖీకి వచ్చినవాళ్లు వంటగది చూశారు, బియ్యం బస్తా విప్పి చూశారు, రుచి చూశారు. "అమ్మా, నీకు ఎన్ని నెలల బిల్లు రావాలి?" అని అడిగినవాళ్లు మాత్రం అరుదు.

ఉచితాలతో ఖజానా ఖాళీ అవుతోందని అనేవాళ్లకు ఒక్క మాట చెప్తాను. 2003కి ముందు మేం బడిలో హాజరును బట్టి నెలకు మూడు కిలోల బియ్యం పంచేవాళ్లం. బియ్యం ఇంటికి వెళ్లేది, పిల్లవాడు మధ్యాహ్నం ఆకలితోనే ఉండేవాడు, కొందరు ఒంటిగంటకు వెళ్లి ఇక తిరిగి వచ్చేవాళ్లు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వండిన భోజనం మొదలయ్యాక మధ్యాహ్నం తరగతి గది నిండుగా కనిపించింది. ఈ ఖర్చు దండగ అని, ఆ తేడా చూసిన ఏ టీచరూ అనడు. పదో తరగతి దాకా కాదు, ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి నుంచి చేస్తున్నట్టు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ పెట్టాలంటాను. అయితే కాలేజీలకూ ఇదే ఉద్దెర పద్ధతి పెట్టేట్టయితే ముందు పద్ధతి మార్చండి.

ఎలా మార్చాలో కూడా చెప్తాను. విద్యాసంవత్సరం మొదట్లోనే ప్రతి ఏజెన్సీ ఖాతాలో రెండు నెలల వంట ఖర్చు అడ్వాన్సుగా వేయండి, నెలనెలా వచ్చే బిల్లుతో దాన్ని నింపుతూ పోండి. తమిళనాడులో బియ్యంతో పాటు పప్పు, నూనె కూడా పౌరసరఫరాల సంస్థే అందజేస్తుంది. ఆంధ్రలో గుడ్లు ప్రభుత్వమే సరఫరా చేయిస్తుంది. మన రేషన్ గోదాముల నుంచి బియ్యం లారీ ఎలాగూ బడికి వస్తోంది, అందులోనే పప్పు, నూనె పంపడం అసాధ్యమేమీ కాదు. గుడ్డు ధర రోజూ మారుతుంది, చలికాలంలో ఎగబాకుతుంది. మీరు కట్టిన ధర మాత్రం ఎండాకాలానికీ చలికాలానికీ ఒక్కటే. ఆ తేడా వంటమ్మ ఎందుకు భరించాలి?

ఇంకొకటి. ఉపాధి హామీ కూలి 15 రోజులు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని రాసుకున్నాం. 2015 మధ్యాహ్న భోజన నియమాల్లో, భోజనం పెట్టని రోజులకు పిల్లలకు భత్యం వచ్చే నెల 15లోగా ఇవ్వాలని ఉంది. నిధులు రానప్పుడు బడిలో ఉన్న ఏ డబ్బైనా వాడుకోవచ్చని కూడా ఉంది, కానీ బడి ఖాతాలో సుద్దముక్కలకే డబ్బు కరువు. డబ్బు రాకపోయినా వండిపెట్టిన మనిషికి ఆలస్యానికి పరిహారం ఇవ్వాలని ఎక్కడుంది? రాష్ట్రం తలుచుకుంటే ఒక జీవోతో ఇవ్వొచ్చు.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ రోజు నుంచే వంట మొదలవుతుంది. ఆలోగా పాత బకాయిలు పూర్తిగా చెల్లించండి, మండలాల వారీగా ఏ నెల బిల్లు ఏ తేదీన పడిందో బయట పెట్టండి. ఈ లేఖకు జవాబు నాకు రాయనక్కర్లేదు, వంటమ్మల బ్యాంకు ఖాతాల్లో డబ్బు వేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు