న్యూజిలాండ్‌లో ఉన్న ఆవిడకి

రాత్రి ఒంటిగంట దాటింది. సాయంత్రం ఆరింటికి మా కాలేజీ లైబ్రరీ కేటలాగ్ మళ్లీ తెలుగులో కనపడింది. ఆ అక్షరాలు చూసి తొమ్మిది రోజులైంది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు, పడుకుంటే నిద్రా రాలేదు. వాటిని తిరిగి తెప్పించిన ఆవిడ గురించి ఈ నాలుగు ముక్కలూ ఇప్పుడే చెప్పకపోతే రేపు పనుల్లో పడి చెప్పలేను. రాతలో తప్పులుంటే మన్నించండి.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ని. 19 ఏళ్ల సర్వీసు. మా దగ్గర 18,000 పైచిలుకు పుస్తకాలుంటే అందులో 11,000 తెలుగువే. వాటి వివరాలన్నీ కోహా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపలి కోడ్ చూసుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. ఆ 11,000 పేర్లూ నేనూ, అప్పట్లో మా దగ్గర పనిచేసిన ఒకమ్మాయీ రెండు వేసవి సెలవులు కూర్చుని కొట్టినవి. ఒక్కో పుస్తకం ర్యాక్‌లోంచి తీసి, దుమ్ము దులిపి, లోపలి పేజీ చూసి మరీ కొట్టాం.

తొమ్మిది రోజుల కిందట మధ్యాహ్నం కరెంటు పోతూ వస్తూ ఉంది. యూపీఎస్ కాలిపోయింది, దాంతోపాటు సర్వరూ పోయింది. మాకు కోహా పెట్టిచ్చిన సంస్థ నుంచి ఒక కుర్రాడొచ్చి బ్యాకప్ ఎక్కించి గంటలో వెళ్లిపోయాడు. ఇంగ్లీషు పుస్తకాలన్నీ సవ్యంగా ఉన్నాయి. తెలుగు పుస్తకం ఒక్కటీ లేదు. పేరు ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఎ’, దాని పక్కన బుల్లి సున్నా, మళ్లీ ‘ఎ’, ఏవో గుర్తులు, మళ్లీ ‘ఎ’. పేజీల కొద్దీ అదే. ఫోన్ చేస్తే “తెలుగు డేటా పోయింది మేడమ్, మళ్లీ ఎంట్రీ చేయించుకోవాలి, రికార్డుకి ఇంత” అని ఒక రేటు చెప్పారు. తనిఖీ బృందం రావడానికి అప్పటికి 12 రోజులుంది.

ఆ రాత్రి నేను చేసిన పని దాచుకోను. కోహా వాళ్లు సాయం చేస్తారట అని ఎవరో అంటే, వాళ్లు ఎవరో ఏమిటో కూడా చూడకుండా వాళ్ల ఆన్‌లైన్ చర్చావేదికలో ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాల్లో, అంటే అరిచినట్టే, రాసి పడేశాను. మీ సాఫ్ట్‌వేర్ మా లైబ్రరీని నాశనం చేసింది, మీరు బాధ్యత లేని మనుషులు, రేపటికల్లా బాగుచేయాలి. నమస్కారం లేదు, దయచేసి లేదు. నేను పైసా కట్టినవాళ్లు కారు వాళ్లు. నేను డబ్బు కట్టినవాళ్లేమో ఫోనెత్తడం మానేశారు, ఆ కోపమంతా వీళ్ల మీద కక్కాను.

పావుగంటలో ఒకాయన జవాబిచ్చాడు. ఇక్కడెవరూ నీ జీతగాళ్లు కారు, ముందు మాన్యువల్ చదివి రా అని. మొహం మీద కొట్టినట్టయింది. కంప్యూటర్ కట్టేయబోతుంటే ఇంకో జవాబు వచ్చింది. అది ఆవిడది.

మొదటి వాక్యం ఇది: “మీరు లైబ్రేరియనా? అయితే ముందు ఒక్క పని చేయండి, ఆ మెషీన్‌లో ఇకమీదట ఏమీ మార్చకండి, బ్యాకప్ ఫైలు కాపీ ఒకటి విడిగా దాచండి.” తర్వాత మూడు ప్రశ్నలు. మీరేం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది? అంతే. నా పెద్దక్షరాల గురించి ఒక్క మాట లేదు. నన్ను కసిరినాయనకి కూడా విడిగా ఒక వాక్యం రాసింది: “మీరు పొద్దుటి నుంచీ జవాబులిస్తూనే ఉన్నారు, కాస్త విశ్రాంతి తీసుకోండి, ఇది నేను చూస్తాను.” ఆయన్ని తప్పుపట్టలేదు, నన్నూ పట్టలేదు. ఆయన తర్వాత నాకు సారీ చెప్పాడు. నేనూ చెప్పాను.

ఆవిడ న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీలో పనిచేస్తుందట. పేరు రాయొద్దంది, రాయను. ఇక్కడ రాత్రి పదకొండైతే అక్కడ తెల్లారి ఆరున్నర. తను డ్యూటీకి వెళ్లేలోపు గంటన్నర చొప్పున ఆరు రోజులు నాతో కూర్చుంది.

రెండో రోజు సంగతి చెప్తాను. ఒక మాట మీకు ఖచ్చితంగా తెలిసింది ఇమ్మంది. ‘విజ్ఞానం’ అనే విషయ శీర్షిక ఇచ్చాను. తెర మీద అది ఉండాల్సిన చోటున్న పిచ్చిగీతల్లో గీత ఉన్న ‘ఎ’లు ఎన్నున్నాయో లెక్కపెట్టమంది. పెన్సిల్ పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది. “మీ మాటని విడగొడితే ఎన్ని ముక్కలు?” అంది. కాగితం మీద రాసుకున్నాను. వ, గుడి, జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్నా. ఎనిమిది! అప్పుడు చెప్పింది. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలనీ అంకెలుగా దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఇలాంటి తెలుగు ముక్క ఏదైనా మూడు బైట్లు, అంటే మూడు అంకెలు. మొదటి బైటు ఎప్పుడూ ఒక్కటే, అదే ఆ గీత ‘ఎ’గా కనిపిస్తోంది. రెండోది రెండింట్లో ఒకటి. నా ఎనిమిదింట్లో ఏడింటి పక్కన బుల్లి సున్నా ఉంది, ఒక్కదాని పక్కనే ప్లస్సూ మైనస్సూ కలిసిన గుర్తు ఉంది. ఆ ఒక్కటీ పొల్లు. జ కింద ఞ వత్తు పట్టుకుని ఉన్నది అదే.

“ప్రశ్నార్థకాలు కనిపిస్తే నాకు భయం వేసేది, అప్పుడు అక్షరాలు నిజంగా పోయినట్టు. మీవి ఎక్కడికీ పోలేదు. డేటాబేస్ వాటిని యూరప్ భాషల కోసం చేసిన పాత లాటిన్ వరుస అనుకుని చదువుతోంది, అంతే.” ఆ మాట చదివి లేచి ర్యాకుల మధ్యకి వెళ్లి నిలబడ్డాను. కళ్లు తుడుచుకుని వచ్చేసరికి ఇంకో వాక్యం ఉంది: “నాకు మీ లిపి చదవడం రాదు. సరిగ్గా వచ్చిందో లేదో చెప్పాల్సింది మీరే. మీ కళ్లు లేకపోతే ఈ పని కాదు.”

19 ఏళ్లలో కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చినవాళ్లెవరూ నాతో అలా మాట్లాడలేదు. “మీకు అర్థం కాదులెండి మేడమ్” అన్నవాళ్లే.

బాగుచేసే పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. డేటాని ఆ పాత వరుసలోనే బయటికి తీయాలి, ఇది యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ లోపలికి పంపాలి, తర్వాత వెతకడానికి వాడే జీబ్రా సూచీని మొదట్నుంచీ కట్టాలి. కానీ ఆవిడ తొందరపడనివ్వలేదు. ముందు కాపీ మీద 20 రికార్డులు. మధ్యలో ఆగి, సర్వర్ పోయాక కొత్తగా ఏమైనా టైపు చేశారా అని అడిగింది. చేశాను, కంగారులో 43 పుస్తకాలు మళ్లీ కొట్టాను. అవి సరైన తెలుగులోనే ఉన్నాయి కాబట్టి ఈ మార్పిడిలో పెడితే అవే ప్రశ్నార్థకాలై పోయేవట! వాటిని పక్కకి తీయించింది. అడగకపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అడిగింది.

నాలుగో రోజు నా మొదటి మెసేజ్‌కి క్షమాపణ చెప్పాను. దానికి జవాబు: “నేను దాన్ని తిట్టుగా చదవలేదు. పుస్తకాలకి ఏమైందోనని భయపడుతున్న లైబ్రేరియన్ మాటలుగా చదివాను. నేనూ అదే ఉద్యోగం చేస్తాను.” ఇది పదిసార్లు చదివాను. ఇప్పుడు టైపు చేస్తుంటే కూడా అక్షరాలు మసకబారుతున్నాయి.

కోహా పుట్టిందే వాళ్ల దగ్గరట. 1999లో హోరోఫెనువా అనే ప్రాంతంలో లైబ్రరీలు నడిపే ట్రస్టుకి, తమ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటదని తెలిసి కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడటం మొదలుపెట్టి, తమకే అట్టే పెట్టుకోకుండా ప్రపంచానికి ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఊరికే ఇచ్చేది కాదు, తిరిగి ఏదో ఒకటి ఇచ్చుకునే బంధం ఉన్న కానుక. పక్కింటి గిన్నె ఖాళీగా పంపకూడదు, కనీసం నాలుగు పంచదార పలుకులైనా వేసి పంపాలి అనేది మా అమ్మ. ఈ ఆరు రోజులూ చేసినదంతా తెలుగులో వరసగా రాస్తున్నాను. ఇదే కష్టం వచ్చిన ఏ లైబ్రేరియన్ అయినా అడగండి, ఇస్తాను.

నాలాగా నోరు పారేసుకుంటే ఏమవుతుందో మా అబ్బాయి చెప్పాక చదివి తెలుసుకున్నాను. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లని కుదించే ఒక చిన్న పనిముట్టు, లినక్స్ సర్వర్లలో చాలాచోట్ల ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి లాసే కాలిన్ అనే ఆయన జీతం లేకుండా చూసుకుంటున్నాడు. 2022లో ఎవరెవరో పేర్లతో ఆయన మీద పడ్డారు, పని నడవడం లేదు, ఇంకొకరికి అప్పగించు అని. నా మానసిక ఆరోగ్యం బాగాలేదు, ఇది జీతం లేకుండా చేస్తున్న పని అని చెప్పుకున్నా వదల్లేదు. చివరికి సాయం చేస్తానంటూ వచ్చిన మనిషికి హక్కులిచ్చాడు. ఆ మనిషే అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. ఆ ఒత్తిడి చేసిన పేర్లు దొంగపేర్లే అయుండొచ్చని చాలామంది అనుమానం. అవి చదువుతుంటే నాకు నా పెద్దక్షరాలే గుర్తొచ్చాయి. ఆయన మీద పడ్డవాళ్ల భాషా, ఆ రాత్రి నేను రాసిన భాషా ఒకటే.

ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పకపోతే నా కడుపు మండుతూనే ఉంటుంది. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు తీసుకోవడం తప్పనడం లేదు, పనికి కూలి ఇవ్వాల్సిందే. కానీ మా సర్వర్ పాస్‌వర్డ్ మాకే ఇవ్వకుండా నాలుగేళ్లు దాచిపెట్టుకోవడం ఏం న్యాయం? తక్కువ కొటేషన్ ఎవరిదైతే వాళ్లకే ఇవ్వాలి అనే రూలు పెట్టినవాళ్లు, పని తెలుసా అని ఎందుకడగరు? “పూర్తిగా కంప్యూటరీకరణ జరిగిందా” అని ఫారంలో గడి ఉంటుంది. ఆ గడి నింపే మనిషి ఎంతమంది పని చేస్తోందో రాసుకునే గడి ఉండదు. నాతో టైపు చేసిన ఆ అమ్మాయి వెళ్లి ఆరేళ్లయింది, ఆ పోస్టు ఇప్పటికీ ఖాళీ. డబ్బు కట్టించుకున్నవాళ్లు పోయిందన్న డేటాని, పైసా తీసుకోని మనిషి ఉద్యోగానికి వెళ్లేముందు కూర్చుని బతికించింది.

మా ఆయన, పిల్లలు, అత్తయ్య సరేసరి. తొమ్మిది రోజులు వంటిల్లు వాళ్లే చూసుకున్నారు.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొచ్చారు. హైదరాబాద్ నుంచి ఫోన్లో ఉండి కమాండ్లు ఒక్కో అక్షరం చెప్పి కొట్టించిన కుర్రాడు, నేను మూడుసార్లు తప్పు కొట్టినా విసుక్కోలేదు, థాంక్స్ బాబూ. లైబ్రరీలో చేరిన ప్రతి పుస్తకమూ రాసుకునే పాత యాక్సెషన్ రిజిస్టర్లు మేడ మీంచి మోసుకొచ్చిన మా అటెండర్ గారు. వాటితో 300 పేర్లు సరిచూసిన సెకండియర్ పిల్లలు ముగ్గురు. తాళాలు రాత్రి దాకా నా దగ్గర ఉంచనిచ్చిన ప్రిన్సిపాల్ గారు.

అయ్యో, కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపాయన! తన యూపీఎస్ పీకి మాకిచ్చి, తను ఆరు రోజులు కరెంటు పోయినప్పుడల్లా షాపు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొత్తది రేపు వస్తుందన్నారు, రాగానే మీది తెచ్చిచ్చేస్తానండి.