జనాన్ని లెక్కగట్టి వదిలే ఉద్యోగులు కావాలి

సంపాదకులకు,

2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. ఇలాంటి చోట్ల చాలామంది నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోతారు. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే కదలిక మన చేతిలోంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. గేటు దగ్గర ఏం జరుగుతోందో వెనకవాళ్లకు కనపడదు, తోస్తూనే ఉంటారు. అందుకే జనాన్ని చిన్న చిన్న అరలుగా విడగొట్టి, లెక్కపెట్టి వదలాలి. బయటికి వేరే దారి తప్పనిసరి. దీనికి చదువు, సాధన రెండూ కావాలి. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) విపత్తు నిర్వహణలో పీజీ డిప్లొమా ఇస్తోంది. చదివినవాళ్లకు మన జిల్లాలో కొలువులేవి? 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు ప్రణాళికను ఏటా సమీక్షించాలి. ఆ పనిని ఎవరికో అదనపు బాధ్యతగా అంటగట్టకుండా, బ్రహ్మోత్సవాలలోపే పూర్తికాలపు ఉద్యోగులను నియమించాలి.

– విపత్తు నిర్వహణ శిక్షకులు, తిరుపతి