రొయ్య రేటు కట్టేచోట రైతు ఎందుకు లేడు?

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికా సుంకాల మీద రాసేవాళ్లంతా ట్రంప్ దగ్గరే ఆగిపోతున్నారు. భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఏం జరిగిందో కూడా కాస్త మాట్లాడుకుందాం.

2025 ఏప్రిల్ 2న మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నారు. అది అమల్లోకి రాకముందే ఇక్కడ కొనేవాళ్లు రొయ్య రేటు దించేశారు. చెరువులో పట్టిన రొయ్య ఫ్యాక్టరీకెళ్లి, గడ్డకట్టి, ఓడెక్కి అమెరికా చేరడానికి వారాలు పడుతుంది, రేటుకి మాత్రం ఓడతో పనిలేదు. వారం తిరిగేసరికి ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేశారు, కానీ దిగడానికున్న తొందర ఎక్కడానికి ఎప్పుడుంది గనక! ఆగస్టు 27కి అది కాస్తా 50 శాతమైంది. అందులో సగం మన దేశం రష్యా చమురు కొంటున్నందుకని అప్పట్లో అన్నారు. చమురు కొన్నది రిఫైనరీలు, దెబ్బ తిన్నది వనామి రకం రొయ్య పెంచే రైతు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఇదే.

'రేటు బాగోకపోతే నాలుగు రోజులు ఆగొచ్చుగా' అంటారు తెలియనివాళ్లు. కౌంట్‌కి (కిలోకి ఇన్ని తూగుతాయని లెక్కగట్టే సైజుకి) వచ్చిన రొయ్యని చెరువులో ఉంచితే రోజూ మేత వేయాలి, రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాలి, ఈలోపు వైట్ స్పాట్ వైరస్ తగిలితే మొత్తం పోతుంది. పైగా మేత అప్పుకి తెచ్చిందే, ఆ డీలరు పట్టుబడి (రొయ్య పట్టి అమ్మడం) ఎప్పుడని రోజూ ఫోను చేస్తుంటాడు. ఏజెంటు చెప్పిన రేటుకి తలూపడం తప్ప దారేదీ? లాభమొస్తే పైనున్నవాళ్లందరికీ వాటా, నష్టమొస్తే మాత్రం కౌలుకి చెరువు తీసుకున్నవాడొక్కడిదే. 2011లో కోనసీమ వరి రైతులు క్రాప్ హాలిడే (పంట విరామం) ప్రకటించి దేశమంతా తమవైపు చూసేలా చేశారు, నిజమే, కానీ ఏడాది కౌలు ముందే కట్టేసినవాడు హాలిడే ఎలా తీసుకుంటాడు? చెరువులు ఆగితే ఫ్యాక్టరీల్లో రొయ్య తలలు తీసే ఆడవాళ్లకి కూలి కూడా ఆగుతుంది.

ఈ సుంకాల మీద 2025లో ముఖ్యమంత్రి కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాశారు, మంచిదే. వాషింగ్టన్‌ని మనం మార్చలేం గానీ, ఊళ్లో కొన్ని మన చేతిలోవే. ఏ కౌంట్‌కి ఆ రోజు రేటెంతో సచివాలయం బోర్డు మీద పొద్దున్నే రాయించాలి. పట్టుబడి రోజున కౌంట్, తూకం, రేటు, అందులో కోసుకున్నది అన్నీ రాసిన చీటీ రైతు చేతికి ఇవ్వాలి. ఇప్పుడు చాలాచోట్ల నోటి మాటే! రేట్ల మీద కలెక్టరాఫీసులో మీటింగు పెడితే ఎగుమతిదార్లు, మేత కంపెనీలతో పాటు కౌలు రైతుల్ని కూడా పిలవాలి.

ఇంకో మాట, చెరువుల వాళ్లకి కోపమొచ్చినా సరే. పక్క చేను చెరువై వరి చేలోకి ఉప్పు ఊరుతుంటే, కాలవలో మురుగు నీళ్లు కలుస్తుంటే, ఊరి మంచినీళ్ల సంగతి కూడా గ్రామసభలో తేలాలి. మనమేమో సభకి వెళ్లం, తీర్మానం పుస్తకంలో సంతకాలు మాత్రం నిండుతుంటాయి.

వచ్చే గ్రామసభలో బోర్డు, చీటీ రెండూ అడుగుతూ మా ఊళ్లో తీర్మానం పెట్టబోతున్నాం. మీ ఊళ్లలో కూడా పెట్టండి, కాపీ కలెక్టరుకి పంపి రసీదు తీసుకోండి.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా