టవరుకు ముందు పిట్టల లెక్క

సంపాదకులకు,

శేషాచలం అడవి అంచున కొత్త సెల్ టవరు మాట వచ్చినప్పుడల్లా తిరుపతిలో రెండే వాదనలు వినిపిస్తాయి. టవర్ల వల్లే పిచ్చుకలు మాయమయ్యాయని ఒకటి, రేడియేషన్ పరిమితి దాటలేదు కనుక మాట్లాడవద్దని మరొకటి.

పిచ్చుకల వాదన నిలవదు. పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద వాటి సంఖ్య నిలకడగానే ఉందని, టవర్లను తప్పుపట్టేందుకు గట్టి ఆధారం లేదని 2020 నాటి దేశ పక్షుల స్థితి నివేదిక తేల్చింది. చూరులేని అపార్టుమెంట్లు కట్టుకున్నదీ, మందు కొట్టి పురుగులను చంపిందీ మనమే. నేరం టవరు మీద వేస్తే మనకు హాయి!

ఇక పరిమితి. 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతించారు, మంచిదే. కానీ అది మనిషి ఒంటికి కట్టిన కొలత. యాంటెన్నా పక్కనే గూడు పెట్టే కాకికి అదే ఎలా సరిపోతుంది? నగరంలోని విద్యుత్ పరికరాలు వెదజల్లే బలహీన తరంగాలకే యూరోపియన్ రాబిన్ అనే వలస పిట్ట దిక్కు పోల్చుకోలేకపోతోందని జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పరిశోధకులు 2014లో చూపారు. అవి 5 మెగాహెర్ట్జ్ లోపు తరంగాలు, సెల్ ఫోన్లవి కావు. భయపెట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. అయినా అంత స్వల్పమైన తరంగాలు పక్షిని తికమకపెట్టగలవన్నది తీసిపారేసే సంగతి కాదు.

పక్షులు, తేనెటీగల వంటి జీవాలపై టవర్ల ప్రభావం తేల్చేందుకు కేంద్ర పర్యావరణ శాఖ 2010లో నియమించిన నిపుణుల కమిటీ 919 అధ్యయనాలను పరిశీలించింది. ఆపై 2012 ఆగస్టులో ఆ శాఖ సూచనలు పంపింది: పాత టవరుకు కిలోమీటరు లోపు కొత్తది వద్దు, టవర్ల దీపాలు తగ్గించాలి, అభయారణ్యాలు, జంతు ప్రదర్శనశాలల చుట్టుపక్కలైతే ముందుగా అటవీ శాఖను సంప్రదించాలి, జీవజాలంపై ప్రభావం అంచనా వేయాలి. ఎస్వీ జాతీయ వనంలో కొంత భాగం, కొండ కింద జూ, గూడబాతులు పిల్లలను పెంచే నేలపట్టు పక్షుల అభయారణ్యం, అన్నీ మన జిల్లాలోనివే.

అలిపిరి నడకదారిలో సిగ్నల్ వద్దని ఎవరూ అనరు. 2023లో చిరుత చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక అసలే అనలేరు. నేను కోరేది ఒక్కటే. టవరు లేపక ముందు ఒక ఏడాది, లేపాక ఒక ఏడాది ఆ చోట పక్షులను, తేనెపట్టులను లెక్కించాలి. అందుకు ఎస్వీ విశ్వవిద్యాలయం, ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన పరిశోధన సంస్థ మన జిల్లాలోనే ఉన్నాయి. ఖర్చు టవరు కంపెనీ భరించాలి. ఆ లెక్కను అనుమతి పత్రంతో పాటు అటవీ శాఖ ప్రజల ముందు పెట్టాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి