పలకల గోతులకు కంచె ఏదీ?

సంపాదకులకు,

బడిపిల్లలు రాసుకునే మార్కాపురం రాతి పలకల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఎగుమతుల గురించి, షావుకార్ల గురించి బాగానే రాశారు. రాయి తీసిన మనుషులు, తీసేశాక మిగిలిన గోతులు మాత్రం అందులో లేవు.

మా నాన్న గనిలో పలకలు చీల్చేవాడు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడకముందు, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పటి సంగతి. దిమ్మ పైకి రాగానే సుత్తితో తట్టి చూసేవాడు. కంగుమంటే పనికొస్తుంది, మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టే, పక్కకి తోసేయడమే. మంచి దిమ్మ మీద తడి గోనెపట్టా కప్పేవారు. రాయిలో చెమ్మ ఆరిందంటే పొర విడవదు. పలచటి ఉలి అంచున ఆనించి నాలుగు చిన్న దెబ్బలు వేస్తే, అప్పడాల కట్ట విప్పినట్టు పొరలు ఊడివచ్చేవి. కోయడం, నున్నగా రుద్దడం, చెక్క చట్రం బిగించడం షెడ్లలో. మా అమ్మది ఆ పనే. దుమ్ముకి అడ్డం పైట కొంగే. నాన్న దగ్గుని టీబీ అన్నారు, మందులూ దానికే ఇచ్చారు. రాతి దుమ్ముతో సిలికోసిస్ అనే జబ్బు వస్తుందని నేను టీచరునయ్యాకే తెలిసింది.

రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి పరిశ్రమ పొట్ట కొట్టాయని రాశారు. నిజమే గానీ, ఒకటో తరగతికి చెప్పినదాన్ని గనక ఒక మాట: రాతి పలక కింద పడితే రెండు ముక్కలు, ఆ సాయంత్రం ఇంట్లో పిల్ల వీపు విమానం మోత. తేలిక పలకని నేను తిట్టను.

తర్వాత గోడలకి అంటించే డిజైన్ పలకలు వచ్చాయి. లోతుకి పోయేకొద్దీ నీళ్లు తోడే ఖర్చు, పనికిరాని రాయి ఎత్తిపోసే ఖర్చు గిట్టక మా వైపు గని ఆపేశారు. ఇప్పుడక్కడ నిలువు గోడల మధ్య నీళ్లు. చుట్టూ ముక్కరాళ్ల గుట్టలు, కాలు పెడితే జారిపోతాయి. మేకలు తోలుకొచ్చే పిల్లలు ఎండాకాలం అందులో ఈతకి దిగుతున్నారు. దిగినవాడు ఎక్కి రావడానికి మెట్టు లేదు, పట్టు లేదు.

వదిలేసిన గనికి కంచె వేయాలని నిబంధనల్లో ఉన్నదే. గనుల దెబ్బ తిన్న ఊళ్ల కోసమే 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. మా అర్జీ మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. లీజుదారు వేయాలని ఒకరు, లీజు ఎప్పుడో అయిపోయిందని ఇంకొకరు. ముందు కంచె వేసి, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాసుకోవాలో తర్వాత తేల్చుకోండి. అలాగే గనిలో, షెడ్లలో పనిచేసిన ముసలివాళ్లకి ఛాతీ ఎక్స్‌రే తీయించండి. మా వీధిలో వాళ్లెవరెవరో నేనే దగ్గరుండి చూపిస్తాను.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, మార్కాపురం